టోన్ ఇంకా రాలేదు

శ్యామ్‌సుందర్‌కి ఎలక్ట్రిక్ గిటార్ ఉంది, దాని మోత పెంచే బీరువాంత ఆంప్ ఉంది, రోజూ సాధన ఉంది. పాట మాత్రం లేదు. ఆయన వాయించేది ఒక్క స్వరం. నవ్వకండి, నిజంగా ఒక్కటే. ఆ షడ్జమాన్ని మీటి, తల వంచి విని, ఆంప్ మీద నాబ్ ఒకటి వెంట్రుకవాసి తిప్పి, "టోన్ ఇంకా రాలేదు" అంటాడు. ఆ పరాయిదేశపు ఊరు అరోరాలో తెలుగువాళ్ళు ఆయన్ని చాటుగా "టోన్ రాలేదుగారు" అని పిలుచుకునేవాళ్ళు.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. ఆ చలికాలం మరీ దిక్కుమాలినది. సూర్యుడి జాడ లేదు. రోడ్డు పక్కన మంచు మసిబారి పడుంది. వసుమతి ప్రతి శనివారం మధ్యాహ్నం చెల్లెలు విజయశ్రీ ఇంటికి భోజనానికి వచ్చేది. వచ్చాక చెల్లెలి మొగుడి టోన్ వినక తప్పేది కాదు.

"సోఫా ఏదే?" అంది ఒక శనివారం.

"గరాజ్‌లో. సౌండ్ తాగేస్తోందట. కర్టెన్లు పోయినవారమే పోయాయి. నేను ఎక్కువ మాట్లాడితే నన్నూ అక్కడే పెడతారు," అంది విజయశ్రీ.

శ్యామ్‌సుందర్ నిమ్మకు నీరెత్తినట్టు వదినగారిని ఆంప్‌కి ఎదురుగా కూర్చోబెట్టి, కీచుదనమిచ్చే ట్రెబుల్ కాస్త తగ్గించి, జోరిచ్చే గెయిన్ పెంచి, మీటాడు.

"ఎలా ఉంది వదినా?"

"చాలా బాగుంది మరిదిగారూ."

"అయితే రాలేదు."

విజయశ్రీ నెత్తి కొట్టుకుంది. "బాగుందంటే రాలేదంటారేమిటండీ? అసలు శ్రుతే సరిగా లేదు. తీగ వదులుగా ఉందని నాకే తెలుస్తోంది."

ఆయన విననట్టే మరో నాబ్ పట్టుకున్నాడు. ప్రతి శనివారం ఇదే తంతు.

వసుమతి నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు వెనక ఎంత భయముందో ఆవిడకే తెలుసు. ఆవిడకి వినికిడి తగ్గిపోతోంది. ముందు సన్నటి చప్పుళ్ళు, పిట్టల కూతలు పోయాయి, తర్వాత టెలిఫోన్ గంట, ఆ తర్వాత శ్రుతిపెట్టె. ఎదురుగా ఉన్నవాళ్ళ పెదాలు చూస్తూ మాటలు నెట్టుకొస్తోంది. పోయినవి తిరిగి రావని డాక్టర్ చెప్పేశాడు. ఏటా ఉగాదికి తెలుగువాళ్ళ సభలో పాడేది ఆవిడే. పోయిన ఉగాది సభలో శ్రుతి అందక పాట ఎటో వెళ్ళిపోయింది. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. గొంతు బాగాలేదని చెప్పి పాట మానేసింది. అసలు సంగతి భర్తకి కూడా చెప్పలేదు. ఎవరేమడిగినా "బాగుంది" అనడం నేర్చుకుంది.

మళ్ళీ ఉగాది వస్తోంది. పాడమని తెలుగు అసోసియేషన్ వాళ్ళు ప్రాణాలు తోడేస్తున్నారు.

"ఇంకెప్పుడూ పాడనని నువ్వే వాళ్ళకి ఫోన్ చేసి చెప్పెయ్," అంది వసుమతి ఇంకో శనివారం, కోటు కూడా విప్పకుండా.

విజయశ్రీ ఏదో అనబోయేలోగా శ్యామ్‌సుందర్ యథాప్రకారం కుర్చీ చూపించాడు. గిటార్ మీద స్విచ్ తిప్పి మెడ దగ్గర బొంగురు మోతనిచ్చే పికప్‌కి మార్చాడు. ట్రెబుల్ పూర్తిగా తీసేశాడు. మధ్యరకం నాదాన్నిచ్చే మిడ్ చివరిదాకా పెంచాడు. మీటాడు. స్వరం కంబళి కప్పుకున్న ఎద్దులా రంకె వేసి, ఆగకుండా సాగుతూనే ఉంది. విజయశ్రీ చెవులు మూసుకుంది.

"ఎలా ఉంది వదినా?"

వసుమతి మొహం చిట్లించింది. "ఏం బాగాలేదు. నా శ్రుతి అయిదున్నరయితే మీరు కిందికి జారి అయిదు దగ్గరే..." అని, తనే ఉలిక్కిపడి ఆగిపోయింది.

శ్యామ్‌సుందర్ నాబ్ మీంచి చెయ్యి తీశాడు. "వచ్చింది," అన్నాడు.

"ఏమిటండీ వచ్చింది, ఇంత దరిద్రంగా ఉంటే?" అంది విజయశ్రీ.

"వదిన చెవికి అందే టోన్. ప్రతివారం తీగ నేనే వదులు చేస్తున్నా. మీ అక్కయ్య అపశ్రుతి వింటే ఊరుకునే మనిషా? బాగుందన్నారంటే వినపడలేదన్నమాటే."

వసుమతి ఆయనకేసి తిరిగింది. "మీకెప్పటినుంచి తెలుసు?"

"పోయిన ఉగాది నుంచి. గిటార్ కొన్నది ఆ మర్నాడే."

"మరి ఎవరితోనూ అనలేదే?"

"మీరే చెప్పలేదు, నేనెలా చెప్తాను?"

విజయశ్రీ వచ్చి అక్క చెయ్యి పట్టుకు కూర్చుంది. శ్యామ్‌సుందర్ తీగ బిగించి మళ్ళీ మీటాడు. ఈసారి సరిగ్గా అయిదున్నర. వసుమతి కళ్ళు మూసుకుని ఆ మోతని కాసేపు అలా విని, మెల్లగా గొంతు కలిపింది. గొంతు నేరుగా వెళ్ళి శ్రుతిలో కూర్చుంది. అక్కడినుంచి పాట ఎత్తుకుంది. ఏడాది తర్వాత అదే మొదటిసారి. బయట మళ్ళీ మంచు మొదలైంది, ఎవరూ చూడలేదు.

పాట అయ్యాక విజయశ్రీ కళ్ళు తుడుచుకుని లేచింది. "టోన్ వచ్చిందిగా. ఇక సోఫా లోపలికి తెండి."

శ్యామ్‌సుందర్ అప్పటికే పక్క తీగ మీద వేలు పెట్టి తల వంచాడు.

"శ్రుతిలో పంచమానికి ఇంకా రాలేదు," అన్నాడు.