సుభద్ర గారు చెప్పిన నేల పట్టు

మొన్న మిట్టమధ్యాహ్నం రాజమండ్రిలో సిగ్నల్ దగ్గర నా పక్కనే ఒక కొత్త కారు ఆగింది. పచ్చ లైటు పడీపడగానే దాని టైర్లు కీచుమని అరిచి, ఉన్నచోటే గిర్రున తిరిగి, ఆ తర్వాత గానీ బండి ముందుకు దూకలేదు. కాలిన రబ్బరు వాసన గుప్పుమని నా కిటికీలోంచి లోపలికొచ్చింది. ఆ వాసనకి నాకు సుభద్ర గారు గుర్తొచ్చారు. ఆవిడే ఉంటే, "ఇంజనుకి బలం ఎక్కువ, అబ్బాయికి ఓపిక తక్కువ" అని నవ్వి ఊరుకునేవారు.

ధవళేశ్వరంలో మా వీధి చివరి ఇల్లు ఆవిడది. ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. తన పాత డీజిల్ కారులో ఎక్కడికైనా ఒక్కరే వెళ్ళొచ్చేవారు. మాకు బట్టల కొట్టు. మా ఆయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయినప్పుడు, నేను ఆయన్ని ఆటోలో ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేదాన్ని. ప్రతి గతుకుకీ ఆయన పళ్ళు బిగబట్టేవారు. ఆయన ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న చిన్న పెట్రోలు కారు మాత్రం షెడ్డులో దుమ్ము పట్టి ఉండేది. ఇంకెవరు నడుపుతారు, అమ్మేద్దాం అన్నాడు మా మరిది. ఆ మాట వినగానే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. అప్పటికే ఆయన మాట్లాడడం బాగా తగ్గిపోయింది.

ఈ సంగతి సుభద్ర గారికి చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు.

"అమ్మడమెందుకు? నువ్వు నడుపు."

"నేనా అండీ? నాకు సైకిల్ తొక్కడమే రాదండి."

"మరీ మంచిది. పాత అలవాట్లు మాన్పించే పని తప్పింది. రేపు పొద్దున్నే తాళం తీసుకుని రా."

మొదట్లో బండి ఆగిపోయేది, లేకపోతే కప్పలా గెంతేది. ఇంజను హోరుమని అరుస్తున్నా ముందుకెందుకు పోదో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, మూత బిగుసుకుపోయిన తేనె సీసా చేతికిచ్చారు.

"తిప్పు. నీ మణికట్టు పెడుతోందే ఆ మెలితిప్పే బలం, అదే టార్క్. ఆగి ఉన్న బండిని కదిలించేది అది. అలాంటి మూతలు వరసపెట్టి ఎంత వేగంగా తీసుకుంటూ పోగలవో అది హార్స్ పవర్. బండి స్పీడందుకున్నాక ఇంకా ఇంకా పరిగెత్తించాలంటే అది కావాలి. నా డీజిల్ ముసలిది నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే గట్టిగా మెలిపెడుతుంది. నీ పెట్రోలు బండి ఇంజను కాస్త జోరుగా తిరిగితేగానీ ఆ బలం రాదు."

తర్వాత నా చేతులకి సబ్బు రాసుకోమన్నారు. ఎంత బలం పెట్టినా మూత కదల్లేదు, అరచెయ్యే జారిపోయింది.

"చూశావా? బలం లేక కాదు, పట్టు లేక. టైరూ అంతే. నేల పట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ తిప్పితే చక్రం తిరుగుతుంది, బండి కదలదు."

నాకు లైసెన్సు వచ్చాక మొదటిసారి ఆయన్ని దూరం తీసుకెళ్ళింది మొగల్తూరుకి, మా ఆడపడుచు మనవరాలి అన్నప్రాసనకి. ఆయన నా పక్కన, సుభద్ర గారు వెనక సీట్లో కూర్చున్నారు. మర్నాడు పొద్దున్న తిరిగొస్తుంటే వాన అందుకుంది. రోడ్డు తవ్వేశారని కాలవ గట్టు మీదకి మళ్ళించారు. ఎదురుగా ట్రాక్టరొస్తే పక్కకి తీశాను. అంతే, ముందు చక్రాలు ఒండ్రులో దిగబడ్డాయి. పక్కనే నిండుగా పారుతున్న కాలవ. కంగారులో యాక్సిలరేటర్ తొక్కేశాను. చక్రాలు బురద చిమ్ముతూ ఇంకా దిగిపోయి, బండి మూతి కొంచెం నీళ్ళవైపు జారింది. ఆయన్ని చప్పున దింపే దారి లేదు.

ట్రాక్టరాయన పరిగెత్తుకొచ్చాడు. "మీరు దిగండమ్మా, నేను తీసేత్తాను."

నేను నిజంగానే తలుపు తియ్యబోయాను. సుభద్ర గారు అప్పటికే చీర కుచ్చిళ్ళు దోపుకుని బురదలో నిలబడి ఉన్నారు.

"ఆవిడే తీస్తుందండీ. మీరు కాస్త వరిగడ్డి తెచ్చి చక్రాల కింద వెయ్యండి, పుణ్యముంటుంది," అన్నారు. తర్వాత కిటికీ దగ్గరకి వంగి, నాకు మాత్రమే వినపడేలా చెప్పారు. "ఫస్ట్ గేరులో మెలిపెట్టే బలం మరీ ఎక్కువ. ఈ నేల దాన్ని మొయ్యలేదు. సెకండ్ వెయ్యి. స్టీరింగ్ తిన్నగా పెట్టు. క్లచ్చి మెల్లగా వదులు. యాక్సిలరేటర్ మీద పాదం ఆనీ ఆననట్టుండాలి."

అప్పుడు నా మోకాలి మీద ఏదో ఆనింది. ఆయన ఎడమ చెయ్యి. "నువ్వు... తీస్తావ్," అన్నారు, మాట ముద్దగా. ఎన్నో నెలల తర్వాత నా కళ్ళలోకి చూసి ఆయన పలికిన మాట అది.

క్లచ్చి వదిలాను. ఇంజను ఆగిపోతుందేమో అన్నంత బరువుగా మూలిగింది. చక్రం ఒకసారి జారి, గడ్డిని పట్టుకుంది. బండి అంగుళం కదిలింది, మరో అంగుళం, ఆపైన గట్టు మధ్యకి వచ్చేసింది. నేను స్టీరింగ్ మీద తలపెట్టి ఏడుస్తుంటే ఆయన నవ్వారు. వంకరగా, ఒక పక్కకే వచ్చిన నవ్వు. అంత అందమైన నవ్వు పెళ్ళిలో కూడా నేను చూడలేదు.

కొన్నేళ్ళకి సుభద్ర గారి చూపు మందగించింది. ఒకరోజు, "నిన్న గేదె దగ్గరకొచ్చేదాకా కనపళ్ళేదు, ఇంక నేను నడపనమ్మాయ్," అని ఆవిడే తేల్చేశారు. అప్పట్నించి ఎక్కడికెళ్ళాలన్నా నేనే తీసుకెళ్ళేదాన్ని. నేను నడుపుతుంటే పక్కన కూర్చుని కళ్ళు మూసుకునేవారు.

"భయమెయ్యదా అండీ?" అని అడిగాను.

"పాఠం చెప్పినదాన్ని, పరీక్ష కూడా నేనే రాయాలా?" అన్నారు కళ్ళు తెరవకుండానే.

పోయిన వేసవిలో ఆవిడ నిద్రలోనే వెళ్ళిపోయారు.

మా ఆయన ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తారు. కారు దిగేటప్పుడు చూసినవాళ్ళు సాయం చేద్దామని ఆయన చెయ్యి పట్టుకుని లాగబోతారు. నేను వద్దంటాను. తలుపు తీసి పక్కన నిలబడతాను. ఆయన పాదం నేల మీద ఆనాలి, మడమ కుదురుకోవాలి, ఒంటి బరువు దాని మీదకి రావాలి. వెనకెవరు హారన్ కొట్టినా అంతసేపూ అలాగే నిలబడతాను. ఆయన తనంతట తానే లేస్తారు.