కొత్త రంగు పూసిన గూడ్సు పెట్టెలు

తొంభైల చివర్లో రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో నేను డ్రాయింగు మాస్టర్ని. ఆ స్కూలు కరస్పాండెంటు గారి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. మా పక్కింటి పెద్దమనిషి మీద అంతకంటే ఎక్కువ కోపం.

మా సైన్సు గది బీరువాలో ఎప్పుడో ఒక దాత ఇచ్చిన చిన్న రైలు ఉండేది. దాన్ని బొమ్మ అనడానికి నాకు నోరు రాదు. ఏడు గూడ్సు పెట్టెలు. ఒక్కోటి అరచేతంత. తలుపుల గొళ్ళేలు, బ్రేకు కడ్డీలు, అడుగున స్ప్రింగులు, అన్నీ అసలు పెట్టెకున్నట్టే ఉండేవి. ఇంజను ఏనాడో పోయింది. ఆ గదిలో కంప్యూటర్లు పెట్టాలని బీరువా ఖాళీ చేసినప్పుడు, ఆ పెట్టెల్ని పాత పేపర్లతో కలిపి తూకానికి అమ్మేశారు. గేటు దగ్గర పాత సామాన్ల బండి ఆపి నేను కొనుక్కున్నాను. కరస్పాండెంటు గారు అక్కడే నిలబడి చూస్తున్నారు.

“ఆ చెత్తెందుకు మాస్టారూ మీకు?” అని నవ్వారు కూడా.

వాటిలో మూడింటికి చక్రాలు ఊడిపోయాయి. ఒకదానికి పైకప్పే లేదు. నాకొచ్చే జీతంతో మద్రాసు నుంచో బొంబాయి నుంచో సామాను తెప్పించుకునే తాహతు లేదు. పాలపొడి డబ్బా రేకు కత్తిరించి కప్పు చేశాను. గొడుగు పుల్లలు కోసి ఇరుసులు చేశాను. పిన్నీసులు వంచి కొక్కేలు చేశాను.

తర్వాత రంగు. కొత్తగా మెరిసే పెట్టెలు నాకక్కర్లేదు. ఎండకి వెలిసి, వానకి తడిసి, బియ్యం, సిమెంటు, పంచదార మోసి మోసి అలిసిపోయిన పెట్టెలు కావాలి. అలాంటి నాలుగు చక్రాల పాత పెట్టెలు అప్పటికే యార్డులో తగ్గిపోతున్నాయి. ఆదివారం ఆదివారం సైకిలు మీద వెళ్ళి, కంచె ఇవతల నిలబడి బొమ్మలు గీసుకునేవాణ్ణి.

మా పక్కింటాయన రైల్వేలో వ్యాగన్ ఎగ్జామినరుగా రిటైరయ్యారు. గూడ్సు బండి ఆగితే ప్రతి చక్రాన్నీ సుత్తితో కొట్టి చూసి, బాగున్న పెట్టెని పంపడం, బాగోలేనిదాన్ని పక్కకి తీయించడం ఆయన ఉద్యోగం. నేను బాబాయిగారూ అనేవాణ్ణి. నా పని చూసి ఆయనే వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు.

“తుప్పు అంతటా పట్టదండి మాస్టారూ. నీళ్ళు నిలిచిన చోట మొదలవుద్ది. తలుపు కింద నుంచి కారినట్టు ఉండాలండి” అనేవారు. “చక్రాల దగ్గర నలుపు కాదండీ. బ్రేకు అరిగిన పొడి, ఎర్రమట్టి రంగులో ఉంటది.”

ఆయన చెప్పినట్టల్లా చేశాను. పాత కిటికీ ఊచల తుప్పు గీకి, పల్చటి గుడ్డలో జల్లించి, బంకనీళ్ళలో కలిపాను. టీ డికాషన్‌తో వానచారలు దించాను. సిమెంటు దుమ్ముకి సుద్దపొడి, పైకప్పు మసికి రైసుమిల్లు ఊక బూడిద. చివర్లో ఆయన కళ్ళజోడు సర్దుకుని, సూది మొనతో ప్రతి పెట్టె మీదా ఎగ్జామినర్లు రాసే సుద్దగుర్తులు తన చేత్తోనే పెట్టారు. అప్పటికే ఆయన చెయ్యి కొంచెం వణికేది. ఏడు పెట్టెలకీ కలిపి రెండేళ్ళు పట్టింది.

ఆ యేడు స్కూలు వార్షికోత్సవం ముందు కరస్పాండెంటు గారు పిలిచారు.

“మన రైలు బాగు చేశారటగా! ప్రదర్శనలో పెడదాం. పెద్ద పెద్దవాళ్ళు వస్తున్నారు.”

మన రైలట! అక్కడే నాకు అర్థం కావాల్సింది. పొంగిపోయి తెచ్చిచ్చాను. మర్నాడు పిల్లల్ని చిత్రలేఖనం పోటీకి కాకినాడ తీసుకెళ్ళాలి. బాబాయిగారిని స్కూలుకి పిలిచి, కాస్త చూస్తుండమన్నాను.

“మీరు ఎళ్ళి రండి. నేనున్నాను కదండీ” అన్నారు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి హాలంతా పెయింటు వాసన. ఏడు పెట్టెలూ నిగనిగలాడే ఎరుపు. కప్పులకి వెండిరంగు. పక్కల మీద తెల్లటి అక్షరాలతో స్కూలు పేరు. స్కూలు బస్సుకి రంగులేసే అతన్ని పిలిపించి వేయించారు. ముందు కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడిపించారట.

“మురికోడుతున్నాయి మాస్టారూ. ఇప్పుడు చూడండి, ఎంత కళగా ఉన్నాయో!” అన్నారు కరస్పాండెంటు గారు.

“అది మురికి కాదండీ. నేను వేసిన రంగు.”

“మురికి కూడా వేస్తారేంటండీ ఎవరైనా?”

చుట్టూ ఉన్న టీచర్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

“మీరు చెత్తని అమ్మేశారు. నేను కొనుక్కున్నాను. ఇవి మీవి కావు” అని అరిచాను. ఆయన ముందు నేను గొంతెత్తడం అదే మొదటిసారి. “ఫంక్షనయ్యాక మాట్లాడదాం” అంటున్నా వినకుండా ఒక్కొక్క పెట్టే తీసి సంచిలో వేసుకున్నాను. పచ్చి రంగు వేళ్ళకి అంటుకుంది. తర్వాతి ఏడాది నాకు ఆ స్కూల్లో ఉద్యోగం లేదు.

వార్షికోత్సవానికి నేను వెళ్ళలేదు. రైలు పనికి సాయపడ్డారంటూ వేదిక మీద బాబాయిగారికి శాలువా కప్పారని మర్నాడు తెలిసింది. తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను.

“శాలువా కోసం నోరు మూసుకున్నారా?”

ఆయన మొహం ఎర్రబడింది. “శాలువా సంగతి నాకప్పటికి తెలీదండి. పెయింటరు వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆపలేదు. నిజమే.”

“ఎందుకాపలేదు?”

“ముప్పయ్యేళ్ళు తుప్పే చూశానండి నేను. మీరు చేసినట్టుండే పెట్టె బండిలో కనపడితే సిక్ అని లేబులు అంటించి పక్కన పెట్టించేవాణ్ణి. ఒక్కసారి కొత్తగా చూద్దామనిపించిందండి. బాగున్నాయి కూడానూ.”

“మరి రెండేళ్ళూ తుప్పెలా పట్టాలో నేర్పారే!”

“మీరంత ఇష్టంగా చేస్తుంటే బాగాలేదని ఎలా చెప్పమంటారండీ?”

శాలువా కోసమే చేశానని చెప్పి ఉంటే ఒకనాటికి క్షమించేవాణ్ణేమో. రెండేళ్ళు నా అరుగు మీద కూర్చుని, నచ్చని పనికి నాకు వంత పాడారా? నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆయన భార్య గుమ్మంలో నిలబడి వింటోందని తెలిసీ అన్నాను.

ఆ ఎరుపుని బ్రేకు ఆయిల్లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో వారాల తరబడి గీకి వదిలించాను. మళ్ళీ మొదటినుంచి తుప్పు, చారలు, బూడిద. చేతులకి పని బాగానే గుర్తుంది. సుద్దగుర్తులు మాత్రం నేను పెట్టలేదు. పెట్టమని ఆయన్ని అడగనూ లేదు. ఒకరోజు మా గేటు దాకా వచ్చి, “ఏమండీ మాస్టారూ” అన్నారు. నేను తలెత్తలేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

తర్వాత రెండేళ్ళకి వాళ్ళు భీమవరంలో కూతురి దగ్గరికి మారిపోయారు. సామాను లారీ కదిలాక ఆటో వచ్చింది. ఎక్కేముందు ఆయన మా గుమ్మం వైపు చూశారు. నేను కిటికీ వెనకాలే ఉన్నాను. తలుపు తియ్యలేదు.