పాల మాట

తెలంగాణ ఉద్యమం రోజులు. రాస్తారోకోతో మా బస్సు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఆగిపోయింది. నా పక్కన నెల్లికుదురు వైపు తండాకు పోయే లంబాడీ అవ్వ, ఆమె ఒడిలో పసిగుడ్డు. కూతురు కాన్పులో దవాఖానలోనే పోయిందని, మనవరాలిని ఇంటికి తీసుకుపోతున్నానని చెప్పింది. నేను చేతిలోని పేపర్ తెరిచాను.

"ఏం రాసిన్రు కొడుకా అండ్ల?"

"ఎన్నడో అంతరించిన అడవిమేకను మళ్ల పుట్టించాలని చూస్తున్నరట అవ్వా. మామూలు మేక కడుపుల పెంచుతరట."

అవ్వ పాపను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది.

"పుట్టినంక దానికి ఆ మేక పాలిస్తదా?"

పేపర్లో ఆ సంగతి లేదు.

"ఇస్తదవ్వా" అన్నాను.

ఆమె వంగి, పాప చెవిలో తమ భాషలో ఏదో చెప్పింది.

ఇప్పటికీ అలాంటి వార్త కనబడితే, పాల మాట రాశారేమోనని చివరిదాకా చదువుతాను.