కిష్టప్ప కాక, ఎడమకు ఒరిగిన జీపు

కిష్టప్ప కాక గురించి చెప్పాలంటె ముందుగాల ఆయన చేసిన ఎడ్లబండ్ల గురించి చెప్పాలె. తాండూర్ల గంత పట్టింపు మనిషిని నేను చూడలె. బండి గిర్రలు రెండు ఒక్క మొద్దుల నుంచే తీసెటోడు. ఒకటి బరువై ఒకటి తేలికయితె ఎద్దు మెడ పుండయితది అనెటోడు. జోడి కలువకుంటె రైతు కాళ్ళ మీద పడ్డా బండి బయటికి ఇయ్యకపోతుండె. గా పట్టింపే ఆయన్ని ఒకపారి ముంచబోయింది. గది నేను పక్కనుండి చూసిన.

నా పేరు మత్తయ్య. పంతొమ్మిది వందల యాభై ఆరుల నేను సుధాకర్ పటేలు జీపు నడుపుతుంటి. పటేలుకు నాపరాయి గనులున్నయ్. జీపు మిలిట్రీది, వేలంల కొన్నది, స్టీరింగు ఎడమ దిక్కుంటది. గనుల తొవ్వ ఎట్లుంటదంటె, గుంత పక్కన గుంత, నడుమ రాతిపొడి. రెండేండ్లల్ల జీపు ముందటి భాగమంత అరిగిపోయింది. జర జోరు పెంచితె చాలు, స్టీరింగు నా చేతుల్ల చలిజొరమొచ్చినట్టు వణుకుతుండె.

గప్పటికే కాకకు పని తగ్గింది. రాళ్ళు మోసుడు లారీల మీదికి పోయింది, బండ్లు చేపిచ్చుకునేటోళ్ళు తక్కువయిండ్రు. "పా, గనిల బండలన్న ఎత్తుదాం" అంటుండె మొగులమ్మ చిన్నమ్మ, ఆయన పెండ్లాము. కాకకు యాభై దాటినయ్, నడుం పట్టుకుంటె లేవరాదు. గందుకని సీద పటేలు దగ్గరికి పోయి నిలవడ్డడు.

"జీపు నేను బాగు చేస్త పటేలా."

పటేలు నవ్విండు. "నువ్వు ఎడ్లబండ్లు చేసెటోనివి. జీపు సంగతి నీకేం ఎరుక?"

"జీపు బరువు మోసే కమాన్లు గూడ ఇనుప పట్టీల కట్టలే గద. ఇనుము నా మాట ఇంటది."

"సరే, ఐతారం మాపటి దాక నీ ఇష్టం. సక్కగ నడిస్తె గని జీపు, లారీల పనంత నీకే. లేకుంటె జీపు హైద్రాబాద్ పోతది, నువ్వు బండలెత్త పోతవ్."

హైద్రాబాద్ల పాత సామాన్ల బజారుకు పోయి నేనే సామాన్ తెచ్చిన. బేరింగులు, బుష్షులు, తీగతోటి కట్టిన రెండు కమాన్ కట్టలు. రైల్ల గా బరువు ఒళ్ళె పెట్టుకొని కూసుంటె, వికారాబాద్ల ఎక్కిన ఒక ముసలామె, "బిడ్డ పెండ్లికా నాయనా గీ సామాను?" అని అడిగింది.

కాక జీపును ఎత్తి కింద దిమ్మెలు పెట్టి, గిర్రలు ఊడదీసిండు. గిర్ర మళ్ళే కాడ ఉండే బేరింగు చేతిల పట్టంగనే పొడిపొడి రాలింది. కమాన్లను పట్టుకునే బుష్షులు గుండ్రంగ ఉండాల్సినయి కోడిగుడ్డు తీరయినయ్. "గిట్లయితె వణుకది మరి!" అని కాక మస్తు సంబురపడ్డడు. అన్ని కొత్తయి ఏసి గ్రీసు పెట్టిండు. గప్పుడు నేను తెచ్చిన కమాన్ కట్టలు ఇప్పిండు. ఇప్పి నా దిక్కు చూసిండు.

"ఒరేయ్ మత్తిగా, నిన్ను మోసం చేసిండ్రురా, జోడి కలువని కట్టలు అంటగట్టిండ్రు."

ఒక కట్టల పట్టీ ఒకటి ఎక్కువున్నది. నాకు సిగ్గయింది. పాత కట్టలు చూస్తె అండ్ల గూడ ఎడమదాంట్ల ఒకటెక్కువ. "ఎవనో మిలిట్రోడు ఇరిగిందని అతుకేసిండు, ఏం పని అది" అని తిట్టి, కాక కొత్త కట్టల ఎక్కువున్న పట్టీ తీసి పక్కకు పడేసిండు. రెండు కట్టలు పక్కపక్కన పెట్టి జానతోటి కొలిచిండు. జోడి కలిసింది. బిగించిండు.

శనారం పొద్దుగాల జీపు కిందికి దించినం. వణుకు పోయింది. గాని జీపు ఎడమ దిక్కు ఒరిగి నిలవడ్డది. బ్రేకు తొక్కితె గా పక్కకే మునుగుతుంది.

"నువ్వు దిగు" అన్నడు కాక. దిగిన. అయినా ఒరిగే ఉన్నది. గాలి చూసినం, సమానమే. నేల చూసినం, చదునే. కాక రెండు కమాన్లు ఊడదీసి ఎడమది కుడికి, కుడిది ఎడమకు ఏసిండు. మళ్ళ దించితె మళ్ళ ఎడమకే. తాడుతోటి కొలిచిండు, సూతం దారం పట్టి వంకర చూసిండు, మూడుపార్లు.

"జోడి కలిసింది గదరా?"

"కలిసింది కాకా."

"మరెందుకు వంగుతుంది?"

నాకేం తెలుసు. నేను తొక్కుతె పోతది, ఇడిస్తె ఆగుతది, గంతవరకే నా ఎరుక. గా దినం ఆయన బువ్వ సుత తినలె. "నా చేతులే బాగలెవ్వేమోరా" అన్నడు.

ఐతారం నేను చర్చికి పోయొచ్చిన. పాపాల సంగతి యాది మరిచి జీపు కోసమే ప్రార్థన చేసిన, దేవుడు ఏమనుకున్నడో. వచ్చేసరికి చిన్నమ్మ నీళ్ళ బిందె నడుం మీద పెట్టుకొని నిలవడి చూస్తున్నది. 

"కల్లు తాగొచ్చినోని తీరు ఒరిగిందేందయ్యా నీ జీపు?"

"నువ్వు లోపలికి పో" అన్నడు కాక.

నేను నా సీటు ఎత్తి పెట్రోలు పోస్తున్న. గీ జీపుకు పెట్రోలు డబ్బా నడిపేటోని సీటు కిందనే ఉంటది. చిన్నమ్మ కండ్లు చిన్నగ చేసి చూసింది. "నూనె గీ పక్కకే పోస్తవ్, కూసునుడు గీ పక్కకే, గా తిప్పే చక్రం సామాను గూడ గీ పక్కకే. మరి రెండు పక్కల ఒక్కటే బలం పెడితె ఎట్ల సాలుతది? బిందె ఎత్తుకున్న పక్కకు నేను కాలు గట్టిగ ఊనుకుంటనా, లేదా?"

కాక జీపు దిక్కు చూసిండు, ఆమె నడుం దిక్కు చూసిండు. "బండికి రెండు పక్కల సమానమే ఉండాలె" అని గొణిగిండు. గొణుక్కుంటనే పడేసిన పట్టీ ఏరుకొచ్చి, ఎడమ కట్టల మళ్ళ చేర్చిండు. జోడి కలువకుండ ఒక సామాను బిగించుడు ఆయన జన్మల గదే మొదటిసారి.

దించినం. జీపు సక్కగ నిలవడ్డది.

మాపటికి పటేలు వచ్చి తానే ఎక్కిండు. గని తొవ్వల పోయి, గుంతల్ల ఏసుకొని, మళ్ళొచ్చిండు. దుమ్ము దులుపుకుంట అడిగిండు. "ఏం తప్పుండెరా కిష్టప్పా?"

నేను కాక కాలు తొక్కిన, ఏదో ఒక పెద్ద పేరు చెప్పుమని. ఆయన నా కాలు పక్కకు నెట్టి, "అరిగినయి మార్చిన పటేలా. కమాన్ల కాడ తప్పు నాదే. ఒక పట్టీ ఊకెనే ఉన్నదని తీసేసిన. పెట్టినంక సక్కగయింది. ఎందుకయిందో మొగులమ్మ చెప్పింది గాని, నాకింకా సమజ్ కాలే" అన్నడు.

పటేలు చిన్నమ్మ దిక్కు చూసిండు, జీపు దిక్కు చూసిండు. "పట్నం మిస్త్రీ అయితె పది అబద్ధాలు చెప్పెటోడు" అన్నడు. "రేపు లారీ పంపుత. నువ్వే చూడు."

గట్ల పని దొరికింది. చిన్నమ్మ బండలెత్త పోలే.

తెల్లారి లారీ వచ్చింది. కాక కిందికి దూరి శానసేపు బయటికి రాలే. నేను వంగి చూస్తె, ఎడమ కమాను పట్టీలు వేలుతోటి లెక్కపెడుతుండు, కుడిదానికి పోతుండు, మళ్ళ ఎడమకొస్తుండు.

"ఏమైంది కాకా?"

"ఒరేయ్ మత్తిగా" అన్నడు పరేషాన్ మొకం పెట్టి, "దీనికి రెండు పక్కల సమానమే ఉన్నయేందిరా? పోయి మీ చిన్నమ్మను పిలువు."