పట్టపగలు పెట్టిన దీపం

మా చిన్నప్పుడు... ఆదివారం సాయంత్రం ఆరున్నర అయితే చాలు, మా ఇంట్లో సినిమా చచ్చిపోయేది.

కోయిలకుంట్లలో మాది బట్టల అంగడి. నేను ఆరో తరగతి. ఎండలు ముదురుతున్న రోజులు. ఒక చానెల్ వాళ్లు ఆదివారాలు నాలుగింటికి పాత సినిమాలు వరసగా వేశారు... హిందీవి, బెంగాలీవి, మధ్యలో తెలుగువి. అన్నీ నలుపు తెలుపు. కింద ఇంగ్లీషులో మాటలు పడేవి. కాన్వెంటు చదువు కదా, నేను చదివి అమ్మ చెవిలో తెలుగులో చెప్పేదాన్ని. ఇంట్లో నేను నోరు తెరిచేది ఆ కాసేపే.

ఆరున్నరకి పెదనాయన అంగడి నుంచి దీపం పెట్టడానికి వచ్చేవాడు. నాన్నకి అన్న, ఇంటికి పెద్ద. దీపాలవేళ ఇంట్లో ఏడుపు వినిపిస్తే లక్ష్మి గడప దాటి రాదని ఆయన పట్టింపు. టీవీలో ఏడ్చినా లెక్కే. పాత సినిమాలేమో చివర్లోనే ఏడుస్తాయి.

"ఆపు మే" అనేవాడు. తను ఏనాడూ ఆపలేదు. రిమోట్ నా చేతిలో ఉండేది. నేను ఆపేదాన్ని.

ఐదు వారాలు, ఐదు సినిమాలు... ఒక్కదాని చివరా చూడలేదు. అమ్మ లేచి వంటింట్లోకి పోయేది.

ఆరో వారం సినిమా పేరు పేపర్లో చూసి అమ్మకి చెప్పాను. బియ్యం ఏరుతున్న చేయి ఆగింది.

"అది నేను సగం చూసినా" అంది.

అమ్మది కోసిగి. పదిహేడేళ్లప్పుడు అక్కడి టెంటు హాల్లో చూస్తుంటే, ఇంటర్వెల్‌లో వాళ్లన్న వచ్చి "లెయ్ లెయ్, నిన్ను చూసేకి వచ్చినారు" అని ఇంటికి తీసుకుపోయాడట. వచ్చింది మా నాన్న, పక్కన పెదనాయన.

ఆ సినిమాలో ఒక టీచరమ్మ. మొగుడి ఇల్లు వదిలి వచ్చి పల్లెలో బడి నడుపుతుంటుంది. అత్తగారి వాళ్లు బండి కట్టుకొచ్చి రమ్మంటారు. పిల్లల పరీక్షలు అయినాక చెప్తానంటుంది. అక్కడ ఇంటర్వెల్.

"ఆ యమ్మ బండెక్కి పాయెనో, బడిలోనే ఉండెనో... ఇన్నేండ్లాయె, నాకు తెలీదు" అంది అమ్మ.

"ఎక్కి ఉండదులేమ్మా."

"అది నీ పుస్తకాల్లో మాట."

ఆ ఆదివారం అమ్మ మూడింటికే పనంతా ముగించింది. గోడకి ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. మా అమ్మ అట్లా కూర్చోగా నేను అంతకుముందు చూడలేదు.

ఆరవుతుండగా నాకో ఆలోచన వచ్చింది. దీపం ముందే పెట్టేస్తే ఇక దీపాలవేళ అయిపోయినట్టే కదా... మెల్లగా లేచి, ప్రమిదలో నూనె పోసి వెలిగించాను. వాకిట్లో ఇంకా ఎండ ఉంది.

పూర్వం దివాలా తీసిన వ్యాపారి పట్టపగలు దీపం పెట్టి ఆ సంగతి ఊరికి తెలియజేసేవాడట. అంగడి ఉన్న ఇంట్లో ఎవరూ చేయని పని అది. నాకప్పుడు తెలియదు. బడిలో సిస్టర్లు ఇట్లాంటివి చెప్పరు.

ఆ రోజు పెదనాయన కాస్త ముందే వచ్చాడు. టీవీలో పరీక్షలు అయిపోయాయి. బండి మళ్లీ వచ్చింది. టీచరమ్మ బడి గుమ్మంలో నిలబడి ఉంది.

ఆయన దీపాన్ని చూశాడు. కిటికీలో ఎండని చూశాడు.

"ఎవరే ఇది పెట్టింది? అంగడి దివాలా తీసిందని ఊరికి దండోరా వేస్తాండారా?"

అమ్మ నా మొహం చూసింది. లేచి నిలబడింది.

"నేనే బావా. మబ్బు పట్టిందేమో అనుకొని..."

"మబ్బా! ఈ ఊర్లోనా? మబ్బు మొహం చూసి ఆర్నెల్లాయె!"

నాన్న చదువుతున్న పేపరు కిందికి దించలేదు.

"ఒక్క ఐదు నిమిషాలు బావా... ఆ యమ్మ ఏం చేస్తాదో చూసి..."

"ఆ యమ్మ యాడికి పోతే నీకేం? నీకు ఇల్లుండాది కదా!" నా వైపు తిరిగాడు. "ఆపు మే."

ఆపాను.

అప్పటి నుంచి మా వాళ్ల ప్రతి పెండ్లిలో ఇదే కథ. "సినిమా పిచ్చిలో చిన్నమ్మ పట్టపగలు దీపం పెట్టింది!" అందరూ నవ్వుతారు. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. మొన్న పెదనాయన కొడుకు ఆ పాత టీవీ ఫోటో నెట్‌లో పెట్టి, ఈ కథే రాసి, 'ఆ రోజులే వేరు' అన్నాడు. కింద వరసగా నవ్వు బొమ్మలు.

అవును, వేరే. నాకు అక్కర్లేదు ఆ రోజులు.

పోయిన నెల ఆ సినిమా నెట్‌లో దొరికింది. అమ్మని కర్నూలులో నా గదికి పిలిచి, మొదటి నుంచీ వేశాను. టీచరమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి బయట పొద్దు గుంకుతోంది.

"ఆపమ్మా, దీపం పెట్టాల" అని అమ్మ లేవబోయింది. ఎవరూ అడక్కుండానే.

నేను ఆపలేదు.

టీచరమ్మ బండిని వెనక్కి పంపింది. గంట కొట్టింది. పిల్లలు లోపలికి పోయారు. అంతే... నాలుగు నిమిషాలు.

"ఇంతేనా?" అంది అమ్మ. చాలాసేపు ఆ ఖాళీ తెరనే చూసింది. "ఇంత మాత్రం ఇయ్యలేకపోయిరి."

పెదనాయన ఇప్పుడు లేడు. అంగడి ఉంది. దివాలా తీయలేదు.

అన్నా, నీ పోస్టుకి ఇదే నా జవాబు. ఆ రోజు దీపం పెట్టింది మా అమ్మ కాదు, నేను. టీవీ ఆపిందీ నేనే. వచ్చే పెండ్లిలో నవ్వాలనుకుంటే నా పేరు పెట్టి నవ్వండి.

ఇప్పుడు ఎవరి ఫోను వాళ్లది... ఆపమనే వాళ్లు లేరు. మీ ఇంట్లోనూ చివర చూడకుండా ఆగిపోయిన సినిమా ఏదైనా ఉంటే రాయండి. సినిమా పేరు లేకపోయినా ఫర్వాలేదు... ఆపమన్నది ఎవరో, ఆపింది ఎవరో రాయండి.