శెనక్కాయల గదిలో రైలు

కాదప్పా, నువ్వు ఎన్ని నవ్వే బొమ్మలు పెట్టినా నేను ఒప్పుకునేది లేదు. నా చిన్నప్పుడు ఆ గదిలో ఏం జరిగిందో చూసింది నేను. నువ్వప్పటికి పుట్టనేలేదు.

నేను చెప్పేది మా మామ కొడుకుకే. వాడు ఈ పొద్దు మా ఇంటోళ్ల గ్రూపులో ఒక ఫోటో పెట్టినాడు. మంగళవాడలో తాత ఇల్లు సర్దుతా ఉంటే శెనక్కాయల గది దూలానికి వేలాడే మూట ఒకటి దొరికిందంట. ఇప్పి చూస్తే చెదలు తిన్న వెదురు బద్దలు. 'తాత రైల్వే, సర్వీసు బంద్' అని కింద రాసినాడు. అంతటితో ఊరుకున్నాడా? 'ఏండ్లకేండ్లు గది ఖాళీగానే ఉండె, మా వదినకు మళ్లీ ఒక్కసారి కూడా రైలు వేసియ్యలేదు, మొండాయన' అని ఇంకో మెసేజి. వాళ్ల వదినంటే నేనే. నేను బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకోని ఇంకో చేత్తో జవాబు కొట్టినా, తుడిపేసినా, మళ్లీ కొట్టినా. అది గ్రూపులో చెప్పే సంగతి కాదు. అందుకే ఈడ రాస్తా ఉండా. నాకేం వయసైపోలేదు గానీ, ఇంట్లో పిల్లలు అప్పుడే పెద్దమ్మా అంటా ఉండారు. సరే, పెద్దదాని మాదిరే చెప్తా.

నేను బెంగళూరులో పుట్టి పెరిగినదాన్ని. తాత అంటే మా అమ్మ వాళ్ల నాయన. ఎండాకాలం సెలవులిస్తే ఆయన దగ్గరికి పోతాంటిమి. ఆ యేడు మా నాయన నాకు బ్యాటరీ సెల్లుతో నడిచే బొమ్మ రైలు కొనిచ్చింటే, దాన్ని సంకలో పెట్టుకోని బస్సు దిగినా. పెట్టెలో వచ్చిన పట్టాలు గుండ్రంగా ఒక్క చుట్టు, అంతే. తాత దాన్ని పడసాలలో పరిచి తిప్పి చూసినాడు. రైలు తిరిగిందే తిరిగింది.

"ఇదేంది పాపా, గానుగెద్దు మాదిరి ఈడ్నే తిరుగుతాది? ఏ ఊరికీ పోదా?" అన్నాడు.

మా తాలూకాకు అప్పుడు రైలు లేదు. వస్తాదంట, వస్తాదంట అనేది మాత్రం అందరి నోటా ఉండె. తాత రైలు చూసిందంతా హిందూపురంలోనే, కాయలు అమ్మేకి పోయినప్పుడు. రైలంటే ఒక ఊర్లో ఎక్కి ఇంకో ఊర్లో దిగల్ల, అది ఆయన పట్టు.

ముందటేడు వాన రాలేదు. కాయల గది ఖాళీ. మూటలకు నేల తేమ తగలకుండా కింద పరిచే పొడుగు చెక్కలు మాత్రం రాళ్ల మీద అట్లే ఉండె. తాత ఆ చెక్కలను గోడల పొడుగునా చుట్టూ జరిపి, ఇదిగో నీ రైలుకు జాగా అన్నాడు. అవ్వ ముగ్గుపిండి డబ్బా తెచ్చుకోని, వంగి, చెక్కల మీద దారి గీసుకుంటా పోయినాడు. అవ్వ గడపలో నిలబడి చూసింది.

"ఈ వయసులో ముగ్గులేసేది నేర్చుకుంటా ఉండావా? రేపట్నుంచి వాకిలి కూడా నువ్వే ఊడ్చు, నాకు నడుము నొప్పి తగ్గుతాది."

వెదురును చీల్చి, నీళ్లలో నానేసి, గంపలల్లే వాళ్ల మాదిరి మెల్లగా వంచి పట్టాలు చేసినాడు. రెండు పట్టాల నడుమ ఎడం యాడా మారకూడదని ఒక పల్చని వెదురు ముక్క కోసి కొలతకు పెట్టుకున్నాడు. ఆ ముక్కతో నడుమ కొలుచుకుంటా పోయేది నా పని. మొదటి మలుపులో ఇంజను పోయింది గానీ వెనక పెట్టెలు బోల్తా పడినాయి. తాతకు కోపం రాలేదు. నాకొచ్చింది. ఒక పెట్టెను గోడకేసి కొట్టినా.

"జోడెద్దుల బండి తిప్పల్లంటే ఎంత జాగా కావల్ల? నీ రైలేమో దానికంటే పొడుగాయె. జాగా ఇయ్యకుండా తిరగమంటే పడదా?" అని, కళ్లంలో గుండ్రం గీసినట్టు మేకుకు తాడు కట్టి పెద్ద మలుపు గీసినాడు. కట్టింది పీకి మళ్లీ కట్టినాము. ఓపిక అనేది నేను ఆ పొద్దు చూసినా. నేర్చుకున్నానని మాత్రం చెప్పను.

బంకమట్టితో కొండ లేచింది. పగిలిన కడవ సొరంగమైంది. ఒక కొసన మంగళవాడ స్టేషను, ఇంకో కొసన హిందూపురం. నాకు బెంగళూరు కావల్లని అలిగితే, "దానికి బస్సుండాది గదా, ఇంకేం రోగం?" అన్నాడు. రెండు చెక్కల మధ్యన వాకిలి దగ్గర ఎడం ఉండె. అది వాన నీళ్లు పారే వంక అనుకున్నాము. దాని మీద వంతెన ఒక్కటీ వేస్తే చుట్టు కలుస్తాది. అంతలోకే సెలవులైపోయినాయి. ఇంజను నేను ఇయ్యలేదు, నాతోనే ఎత్తుకోని పోయినా. తాత నవ్వి, "సరే, దసరాకు తే. వంతెన నేను వేసిపెడతా. ఇద్దరం కలిసి తోలదాం" అన్నాడు.

ఆ యేడు వాన పడింది. సరైన అదునులో పడింది. దసరాకు మేము పోయేసరికి ఊరంతా పచ్చి శెనక్కాయ వాసన. వాకిట్లో కుప్ప నా ఎత్తుకు పైన ఉండాది, మూటలు పడసాల నిండా ఉండాయి. గదిలో మాత్రం ఒక్క కాయ లేదు. రైలు దారి అట్లే ఉండాది. వంతెన గూడా వేసినాడు, ఎండిన కంది కట్టెలతో, ఎంత చక్కగా ఉండాదో. ఆయన నాకోసం గది ఆపి పెట్టినాడు.

అవ్వ నన్ను ముద్దు పెట్టుకోకముందే తాత మీద మొదలుపెట్టింది. "వచ్చె గదా నీ మనవరాలు! ఇంగనన్నా ఆ చెక్కలు తియ్యి. మబ్బు చూడు. కాయ తడిసి బూజు పడితే ఆ రైల్లో పెట్టి యాడికన్నా తోలుకో."

"ఒక్క చుట్టు" అన్నాడు తాత. "పాప వచ్చింది గదా, ఒక్క చుట్టు."

ఇంజను పెట్టినా. మంగళవాడలో బయలుదేరింది. కొండ పక్కన పోయింది, సొరంగంలో దూరి బయటికొచ్చింది, హిందూపురం దాటింది. నేను గోడెంబడే పరిగెత్తుతా ఉండా. వంతెన మొదలుకు వచ్చేసరికి మిద్దె మీద టపటపా చినుకులు. వాకిట్లో అవ్వ కేక. తాత ఒక్క అడుగులో వచ్చి ఇంజనును పైకెత్తి నా చేతిలో పెట్టినాడు. దాని చక్రాలు నా అరచేతిలో ఇంకా తిరుగుతానే ఉండాయి.

తరువాత అంతా ఒక్క గడియలో అయిపోయింది. ఆయనే వంతెన పీకినాడు. ఆయనే కొండను తోసి బయటేసినాడు. చెక్కలు మళ్లీ వరసగా పరిచినాడు. పక్కిండ్లోళ్లు గూడా వచ్చి కాయలు గంపల్తో మోసినారు. నేను ఒక మూలన నిలబడి, "ఈ వాన రాకుంటేనే బాగుండు" అని గట్టిగా అరిచినా. అవ్వ గబుక్కున నా నోరు మూసింది. తాత మూట భుజానెత్తుకోని నా తట్టు ఒకసారి చూసినాడు.

మళ్లా ఎండాకాలానికి పోతే పట్టాలన్నీ పాత చీరలో చుట్టి దూలానికి కట్టి ఉండె. ఆ తరువాత వానలు రాలేదు. గది మళ్లీ ఖాళీ అయింది, ఖాళీగానే ఉండిపోయింది. నేను పోయినప్పుడల్లా ఇంజను తీసుకపోతా, దూలం తట్టు చూస్తా, ఆయన వేరే మాట ఎత్తుతాడు. గది మాత్రం అదును వచ్చిందంటే ఊడ్చి, చెక్కలు కడిగి ఎండబెట్టి, వరసగా పరిచి పెడతాంటాడు. వచ్చే మూటల కోసం. నాకు మండిపోయి ఒకసారి అడిగేసినా. ఎట్లాగూ ఖాళీగానే ఉండాది, దీంట్లో ఏం పోతాది తాతా, ఒక్కసారి వేస్తే?

ఆయన చెక్క మీద తడిగుడ్డ వేసి తుడుస్తానే చెప్పినాడు. "రైలు వేసిన యేడు నేను మనసు విడిసిపెట్టేసింటి పాపా. ఇంగ ఈ గదికి కాయ రాదనుకోనే ఆ చెక్కలు నీకిచ్చింది. మీ అవ్వకు గూడా చెప్పలేదు. రాదనుకున్నా, వచ్చె. మళ్లీ అట్లా అనుకోగూడదు గదా."

నాకు అప్పుడు అర్థం కాలేదు. అలిగి పక్కింటికి పోయి కూర్చున్నా. నా చిన్నతనంలో అన్నిటికంటే సంతోషమైన ఎండాకాలం ఏదంటే రైలు కట్టిన ఆ యేడుదే చెప్తాను నేను. అది ఆయనకు ఆశ చచ్చిపోయిన ఎండాకాలం. ఆయన నవ్వుతా ముగ్గుపిండి గీస్తా ఉంటే నేను చూసింది రైలు దారే. ఇంకేమీ చూడలేదు.

తాత లేడు ఇప్పుడు. ఆ వంతెన మీద రైలు పోయేది నేను చూడనేలేదు, ఇంగ చూసేది లేదు. ఆ బాధ పోలేదు, పోయిందని అబద్ధం ఎందుకు చెప్పల్ల? కొలతకు పెట్టుకున్న ఆ వెదురు ముక్క మాత్రం నా దగ్గరే ఉండాది, ఫోను కవరు వెనకాల. యాడన్నా, ఎవరి మీదన్నా ఇంగ ఇది కాదు పో అని ఫోను విసిరేయబోతే వేళ్లకు అదే తగులుతాది. ఎన్నోసార్లు విసిరేసింది నిజమే. కొన్నిసార్లు ఆగినా.

గది ఖాళీగా ఉండె, పట్టాలు ఉండె, ఇంజను పట్టుకోని పిల్ల ఉండె. అన్నీ నిజమే అప్పా. కానీ వచ్చే కాయల కోసం కడిగి పరిచిన ఆ చెక్కల మీద, మనవరాలు అలిగిందని మళ్లీ రైలు పరచకపోతే ఆయన మొండాయన అయిపోతాడా? ఏదీ, నా ముందర నిలబడి అను చూద్దాం?