బావ నిచ్చెన తీసేసిన పొద్దు

మా బావ పరంజాలు కట్టేవాడు. కొత్తగా లేచే గోడల వెంట ఇనుప పైపులు నిలబెట్టి, క్లిప్పులు బిగించి, పలకలు పరిచి, తాపీవాళ్లు నిలబడడానికి చోటు చేసివ్వడం ఆయన పని. ఇల్లు పూర్తయ్యాక కట్టిందంతా ఆయనే విప్పుకుపోవాలి. "ఇదీ నేను చేసింది అని చూపించడానికి ఒక్కటీ మిగల్లేదు బామ్మర్దీ" అని నాతో నవ్వేవాడు.

రోజూ అందరికన్నా ముందు ఆయనే ఎక్కేవాడు. ప్రతి క్లిప్పునూ పానాతో చిన్నగా కొట్టి, తల వంచి చప్పుడు వినేవాడు. అరగంట పట్టేది. కింద టీ తాగుతున్న తాపీవాళ్లు ఊరుకుంటారా?

"డాక్టరుగారూ, మీ రోగికి ఒంట్లో ఎలా ఉందిట?"

"మీ నోళ్లకే మందు లేదురా" అనేవాడు పైనుంచి.

అందరిలోకీ గట్టిగా అరిచేది మా తమ్ముడే. మాటే కాదు, తాపీ పనిలో గోడ నునుపు తేల్చే చెయ్యి కూడా వాడిదే ముందు.

ఐదంతస్తుల ఇంటి వెనకగోడకు పూత పూస్తున్న రోజులవి. నేను సిమెంటు గదికి కాపలా. పని వారం వెనకబడింది. ఆ పొద్దున మేస్త్రీ వస్తూనే, "నిన్న చూశావుగా, ఇవాళ నీ వైద్యం వద్దు. మళ్లీ పని ఆపావంటే రేపట్నించి వేరేవాణ్ణి పెట్టుకుంటా" అన్నాడు. బావ ఎప్పటిలాగే పానా నడుముకు దోపుకుని ఎక్కేశాడు.

మూడో అంతస్తు దగ్గర ఆగిపోయాడు. పరంజాను గోడకు పట్టి ఉంచే అడ్డపైపులు రెండు ఊడదీసి, పలక మీద బుద్ధిగా పడుకోబెట్టి ఉన్నాయి. అవి ఉండాల్సిన చోట గోడ కొత్త పూతతో అద్దంలా మెరుస్తోంది.

అప్పటికే తమ్ముడు సున్నపు గమేళాతో నిచ్చెన సగం ఎక్కాడు.

"దిగు."

"ఏం బావా, రోగికి జ్వరమా?"

"దిగరా!"

బావ గొంతు అలా లేవడం నేనెప్పుడూ వినలేదు. తమ్ముడు దిగాడు. వెనకే బావ దిగి, నిచ్చెన లాగి నేల మీద పడేసి, దాని మీదే కూర్చున్నాడు.

మేస్త్రీ మండిపడ్డాడు. "లే! చెప్పానా లేదా నీకు?"

"నన్ను తీసేస్తే తీసెయ్. రెండు కట్లు లేవు. ఏడుగురు ఎక్కితే ఇది గోడని వదిలేస్తుంది. ఆ మూలపైపు పట్టుకుని ఊపి చూడు."

మేస్త్రీ ఊపాడు. పైన పలకలన్నీ కిర్రుమన్నాయి. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎవడు తీశాడు?"

బావ పేరు చెప్పలేదు. ఆ నునుపు ఎవరి చేతిదో ఆయనకు తెలియకేం?

తమ్ముడు గమేళా కింద పెట్టాడు. "నేనే మేస్త్రీ. పైపు అడ్డొచ్చి మచ్చ పడుతోందని సాయంత్రం తీశా. మళ్లీ పెడదామనుకుని మర్చిపోయా."

మేస్త్రీ వాణ్ణీ, బావనూ మార్చి మార్చి చూశాడు. "ఎంతసేపు పడుతుంది?"

"గంట."

"కానియ్" అని వెళ్లిపోయాడు.

"అడ్డొస్తే నన్ను పిలువు. పక్కన ఇంకోటి బిగించాకే అది తీద్దాం" అన్నాడు బావ తమ్ముడితో.

మధ్యాహ్నం ఇంట్లో భోజనాల దగ్గర అక్కకు సంగతంతా తెలిసింది. "మీ ఉద్యోగం పోయుంటే?" అంది ముందు.

"వీడు పోయుంటే నన్ను గుమ్మం తొక్కనిచ్చేదానివా?"

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "పైపుల్ని కాదు, నిన్ను కట్టెయ్యాలిరా గోడకి!"

తమ్ముడి కంచంలో అన్నం అలాగే ఉంది. బావ కూరగిన్నె వాడి వైపు జరిపాడు.

"తిను. పైపులు మళ్లీ బిగించేటప్పుడు గోడ మీద పడ్డ ఆ రెండు మచ్చలూ సాయంత్రంలోగా నువ్వే పూయాలి."